బీమా సొమ్మును పోగొట్టు నడవడి

ఒక ఏడు పైరు దెబ్బతిన్నచో మరుసటి ఏడు మరల విత్తుకొనవచ్చును. దుక్కిటెద్దు చచ్చినచో అప్పు చేసియైనను మరియొకటి కొనవచ్చును. ఇంటికి సంపాదించి పెట్టు మనిషి పోయినచో ఆ లోటు తీరునది కాదు. బీమా సొమ్ము పోయిన మనిషిని తీసికొని రాదు. కాని భూమి తాకట్టు పడకుండ, పిల్లల చదువు నిలిచిపోకుండ, ఇల్లాలు నిలద్రొక్కుకొనుటకు కొంత వ్యవధి నిచ్చును. అట్టి సొమ్ము కొన్ని కుటుంబములకు అందవలసిన సమయమున అందకపోవుచున్నది. బీమా లేకపోవుట ఒక్కటే దీనికి కారణము కాదు. బీమా ఉండియు, దానిని తీసికొన్న వ్యక్తి బ్రతికియుండగా చేసిన పని వలననో, చేయక విడిచిన పని వలననో హక్కు చెడిపోవుట మరియొక కారణము.

ఏ నడవడి వలన ఈ హక్కు పోవును? అట్లు పోవుట ఎంతవరకు న్యాయము? నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను. మోసమునకు బీమా హక్కు పోవుట న్యాయమే. ఏమరుపాటునకు, లేమికి, మనోదౌర్బల్యమునకు అదే శిక్ష విధించుట న్యాయము కాదు. ఏలయనగా, తప్పు చేసినవాడు వెళ్ళిపోవును. శిక్షను అనుభవించునది అతని భార్యాబిడ్డలు.

ఉమ్మడి గాదె

బీమా యనునది ఉమ్మడి గాదె వంటిది. పలువురు తలా కొంచెము గింజలు పోయుదురు. ఎవని ఇంట ఆపద వచ్చునో వాని ఇంటికి అందుండి కొలిచి ఇత్తురు. గాదెలో పోసిన గింజలు అందరివి. కావున తవుడు పోసి ధాన్యము కొలిపించుకొన చూచువానికి కాదనుట సంస్థ పిసినారితనము కాదు. తక్కిన వారి గింజలను కాపాడుటయే. చట్టములోని నిషేధములన్నిటికి మూలము ఇదియే. అయితే గాదె కాపరి తవుడు పోసిన వానిని, ఒక పూట ఆలస్యముగా వచ్చిన వానిని ఒకే తీరున గెంటివేసినచో ఊరివారు ఒప్పుకొనరు. ఈ భేదమును మనస్సున ఉంచుకొని ఒక్కొక్క విషయమును పరిశీలింతము.

దాచిన రోగము, మార్చిన వయస్సు

బీమా తీసికొనునపుడు నింపు కాగితమును ప్రతిపాదన పత్రము అందురు. అందులో వయస్సు, ఆరోగ్యము, పూర్వము పొందిన వైద్యము, ఇతర పాలసీలు మొదలగు వానిని గురించి ప్రశ్నలుండును. పాలసీకి పునాది ఈ జవాబులే.

1962లో మన సుప్రీంకోర్టు విచారించిన ఒక కేసు ఈ సందర్భమున చెప్పదగినది. 1945లో రూ. 25,000 లకు పాలసీ పొందిన ఒక వ్యక్తి మరుసటి సంవత్సరమే మరణించెను. అతడు అంతకు మునుపు వైద్యునివద్ద చికిత్స పొందియు, ఆ సంగతి అడిగిన ప్రశ్నకు లేదని జవాబిచ్చెను. తెలిసి దాచినాడని న్యాయస్థానము నిర్ణయించినది. పాలసీ మొత్తమే గాక, కట్టిన ప్రీమియములు సైతము తిరిగి రాలేదు.

2019 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానము మరియొక తీర్పు నిచ్చినది. ఒక వ్యక్తి రెండవ పాలసీ తీసికొనునపుడు, రెండు మాసములకు ముందు వేరొక సంస్థ వద్ద తీసికొన్న పాలసీ సంగతి చెప్పలేదు. అతని మరణానంతరము భార్య పెట్టుకొన్న క్లెయిము చెల్లలేదు. పత్రమును ఏజెంటు నింపినాడను వాదము కూడ నిలువలేదు. సంతకము చేసినవాడు అందలి జవాబులకు బాధ్యుడేయని తీర్పు. కావున ఖాళీ పత్రముమీద సంతకమో వేలిముద్రయో వేయుట, ఖాళీ ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చినంత ప్రమాదము. ప్రశ్నలను తెలుగులో చదివించుకొని వినవలెను. చెప్పిన జవాబే వ్రాసినారో లేదో చూచుకొనవలెను. పత్రము నకలు ఒకటి ఇంట భద్రపరచవలెను.

ఇట్లని చిన్న లోపము కనబడినంత మాత్రమున సంస్థలు సొమ్ము ఎగవేయుటకు వీలు లేదు. నడుము నొప్పి సంగతి చెప్పలేదని ఒక గుండె జబ్బు మరణమునకు క్లెయిము నిరాకరింపగా, ఆ నొప్పికి ఈ మరణమునకు సంబంధము లేదని 2015లో సుప్రీంకోర్టు ఆ నిరాకరణను త్రోసివేసినది.

1938 నాటి బీమా చట్టములోని 45వ సెక్షను 2015లో సవరింపబడినది. దాని సారాంశమును ప్రతి గ్రామోద్యోగియు ఎరిగి యుండవలెను. పాలసీ మొదలైన మూడు సంవత్సరముల పిమ్మట, మోసమనియు, అసత్యమనియు, ఏ కారణము చేతను పాలసీని సంస్థ ప్రశ్నించరాదు. వయస్సు తప్పని తేలినచో మాత్రము ఎప్పుడైనను సరియైన వయస్సు ప్రకారము లెక్క సవరించు అధికారము కలదు. మూడేండ్ల లోపల మోసము కాని పొరపాటు వలన పాలసీ రద్దయినచో, కట్టిన ప్రీమియములను 90 రోజులలో తిరిగి చెల్లింపవలెను. ఒక హెచ్చరిక: పాలసీ మురిగిపోయి, దానిని మరల పునరుద్ధరించినచో, ఈ మూడేండ్ల లెక్క ఆ నాటినుండి మరల మొదలగును. పదేండ్ల పాత పాలసీ కదాయని ధైర్యపడరాదు.

ఈ సెక్షనులో నాకు సమ్మతము కాని అంశము ఒకటి కలదు. మోసము జరిగినదని సంస్థ అన్నపుడు, పాలసీదారుడు జీవించి యుండనిచో, మోసము లేదని ఋజువు చేయవలసిన భారము సొమ్ము పొందవలసిన వారిపై పెట్టబడినది. భర్త ఏ వైద్యునివద్ద ఏమి చెప్పెనో, ఏజెంటు ముందు ఏమి పలికెనో చదువురాని భార్య ఎట్లు ఋజువు చేయగలదు? ఆరోపించిన వారే ఋజువు చేయుట లోకన్యాయము. ఈ భారమును సంస్థలే మోయునట్లు చట్టము మారుట మంచిది. అంతవరకు కుటుంబమునకు ఒక ఆధారము కలదు. బీమా చేయించిన ఏజెంటును సంస్థ ప్రతినిధిగానే భావింపవలెనని అదే సెక్షను చెప్పుచున్నది. సంస్థకు ముందే తెలిసిన సంగతిని దాచినారని తరువాత నింద మోపరాదు. రోగము సంగతి ఏజెంటుకు చెప్పినపుడు ఇరుగుపొరుగు వారు విని యుండుట అందుకే మేలు.

ఆత్మహత్య, త్రాగుడు

ఆత్మహత్య చేసికొన్నచో బీమా ఎన్నడును రాదని పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకముతో క్లెయిము పెట్టుకొనుటయే మానిన కుటుంబములు నష్టపోవును. సాధారణ జీవిత బీమాలో ఈ నిషేధము మొదటి 12 మాసములకే పరిమితము. ఆ గడువులో జరిగినచో కట్టిన ప్రీమియములలో 80 శాతమునకు తగ్గకుండ తిరిగి ఇత్తురు. ఆ గడువు దాటిన పిమ్మట ఈ కారణముతో నిరాకరింపరు. చట్టము ఇచ్చట దయతో నడచినది. ఒక దుర్దినమున మనస్సు విరిగిన మనిషిని మోసగానితో సమానముగా చూడలేదు. అది నాకు సమ్మతము.

అయితే ఒక మాట. సొమ్ము ఎంత వచ్చినను తండ్రి లేని ఇంట ఆ లోటు నిండదు. అప్పుల వలన గాని, పంట నష్టము వలన గాని దిగులుతో కుమిలిపోవువారు మీ యెరుకలో ఉన్నచో వారిని ఒంటరిగా విడువరాదు. 14416 అను నెంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేసి, రేయింబవళ్ళు తెలుగులోనే మాట్లాడి సలహా పొందవచ్చును.

త్రాగుడు విషయము వేరు. జీలుగు కల్లు, సారా మన్యములో క్రొత్తవి కావు. త్రాగినవాడు మరణించినంత మాత్రమున సాధారణ జీవిత బీమా సొమ్ము పోదు. కాని పాలసీకి చేర్చి తీసికొను ప్రమాద బీమా అదనపు సొమ్ము మాత్రము, మత్తులో ఉండి ప్రమాదము తెచ్చుకొన్నచో గాని, చట్టవిరుద్ధమైన పని చేయుచు మరణించినచో గాని రాదు. రెండింతలు వచ్చునని చెప్పిన పాలసీ సగమునకు తగ్గుట ఇట్లే. త్రాగి మోటారు సైకిలు నడుపు యువకుడు తన ప్రాణమునే గాక, తన తల్లికి రావలసిన దానిలో భాగమును కూడ పణమొడ్డుచున్నాడు.

ప్రాణము తీసిన చేతికి సొమ్ము లేదు

1889లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున ఫ్లోరెన్స్ మేబ్రిక్ అను స్త్రీ, ప్రత్తి వ్యాపారియగు తన భర్తకు విషము పెట్టి చంపినదని శిక్షింపబడెను. భర్త తన జీవితముపై ఆమె పేర బీమా చేసియుండెను. ఆ పిమ్మట అచ్చటి న్యాయస్థానము రెండు మాటలు చెప్పినది. నేరము చేసిన భార్యకు ఆ సొమ్ము చెందదు. అట్లని సంస్థయు దానిని మింగరాదు. అది చనిపోయిన వాని ఆస్తిలో చేరవలెను. ఈ రెండవ మాట ఎంతయు గమనింపదగినది. దోషిని మాత్రమే తొలగించి, నిర్దోషుల హక్కును నిలిపిన తీర్పు అది.

మన దేశమున హత్య చేసినవాడు హతుని ఆస్తికి వారసుడు కాజాలడని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 25వ సెక్షనులో నున్నది. ఆ చట్టము, ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగల వారికి వర్తింపదు. కావున కొయ్యూరు వంటి ఏజెన్సీ గ్రామములలో ఈ సెక్షను లేదు కదాయని కొందరు వాదింపవచ్చును. కాని తన నేరమువలన తాను లాభము పొందరాదను సూత్రము ఆ చట్టమునకు పూర్వమే ఉన్నది. 1924లో ప్రీవీ కౌన్సిలు న్యాయము, ధర్మము, మంచి మనస్సాక్షి అను ఆధారముమీదనే హంతకుని వారసత్వమును త్రోసివేసినది.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. తెలంగాణలోని నల్లగొండ జిల్లా దామరచర్ల మండలములో, రోగుల పేర, అమాయకుల పేర బీమా చేయించి, వారిని చంపి ప్రమాదములుగా చూపిన ముఠాను పట్టుకొన్నట్లు 2021లో పోలీసులు ప్రకటించిరి. మీ ఇంటివారు కాని వ్యక్తి ఎవడైనను వచ్చి, నీ పేర బీమా నేను కట్టెదను, నీవు సంతకము పెట్టిన చాలునని అన్నచో, అది ఉపకారమని నమ్మరాదు. వెంటనే గ్రామ పెద్దలకు, పోలీసులకు తెలుపవలెను.

నిల్వ లేని ఖాతా

ఇంతవరకు చెప్పినవి తప్పులు, బలహీనతలు. ఇపుడు చెప్పబోవునది ఏ దోషమును లేనివానికి తగులు దెబ్బ. నా దృష్టిలో అన్నిటికంటె కఠినమైనది ఇదియే.

బ్యాంకు లేక పోస్టాఫీసు ఖాతా ద్వారా నడచు రెండు పథకములు 2015 మే 9న ఆరంభమైనవి. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో 18 మొదలు 50 సంవత్సరముల వయస్సు గలవారు చేరవచ్చును. ఏడాదికి చందా రూ. 436, ఏ కారణమున మరణించినను కుటుంబమునకు రూ. 2 లక్షలు, చందా సాగినంత వరకు 55 ఏండ్లు నిండుదాక రక్షణ. క్రొత్తగా చేరిన వారికి మొదటి 30 రోజులలో ప్రమాద మరణము తప్ప వేరు మరణమునకు సొమ్ము రాదు. ప్రధానమంత్రి సురక్షా బీమాలో 18 మొదలు 70 ఏండ్ల వారు చేరవచ్చును, చందా రూ. 20, ప్రమాదమున మరణించినచో రూ. 2 లక్షలు. రెండింటికిని సంవత్సరము జూన్ 1న మొదలై మే 31న ముగియును.

జీవన జ్యోతిలో సభ్యుని హక్కు మూడు విధముల పోవును. ఒకటి, వయస్సు దాటుట. రెండు, ఖాతా మూసివేయుట లేక చందాకు చాలిన నిల్వ లేకపోవుట. మూడు, ఒకటికి మించిన ఖాతాలలో చేరుట. రెండు బ్యాంకులలో చేరినవానికి రూ. 4 లక్షలు రావు. రెండు లక్షలే వచ్చును, అదనముగా కట్టిన చందా జప్తు కావచ్చును. వయస్సు సంగతి సరియే. రెండు ఖాతాల సంగతియు సరియే. ఉమ్మడి గాదెనుండి ఒకడు రెండు వాటాలు కోరరాదు. కాని నిల్వ లేకపోవుట నేరమా?

కొయ్యూరు మండలమును చూడుడు. విశాఖపట్నం జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఈ ఏజెన్సీ మండలములో రైతు చేతికి నగదు వచ్చునది జీడిమామిడి గింజ అమ్ముకొను వేసవిలో. ఆ వెంటనే విత్తనములు, ఎద్దులు, పాత బాకీలు, బడి ఖర్చులు కాచుకొని యుండును. మే నెలాఖరుకు ఖాతా ఖాళీ అగుటలో వింత లేదు. ఆ దినమున రూ. 436 లేనందున, ఆరేడేండ్లుగా తప్పక కట్టిన వాని రక్షణ ఆగిపోవును. ఆ సంగతి అతనికి తెలియకయే పోవచ్చును. ఫోనుకు వచ్చిన ఆంగ్ల సందేశమును చదువగలవారు ప్రతి ఇంట లేరు.

ఇట్టి అన్యాయముపై లోకములో పూర్వమే పోరాటము జరిగినది. ఎలిజర్ రైట్ అను అమెరికా దేశీయుడు 1844లో లండను వెళ్ళినపుడు, ప్రీమియము కట్టలేని వృద్ధుల పాలసీలను వేలము వేయుట చూచెను. ఏండ్ల తరబడి కట్టినవాడు చివర కట్టలేకపోయినచో అంతయు పోవుట అధర్మమని అతడు వాదించెను. తత్ఫలితముగా 1861లో మాసచుసెట్స్ రాష్ట్రమున, కొంతకాలము కట్టిన పాలసీ ఒక్కసారిగా మురిగిపోరాదని చట్టము వచ్చినది. మన బీమా చట్టము 113వ సెక్షనులోని సరెండరు విలువయు ఈ తలంపుతో కూడినదే. జీవిత బీమా సంస్థ పాలసీలకు గడువు తేది పిమ్మట, నెలవారీ కట్టువారికి 15 రోజులు, తక్కిన వారికి 30 రోజులు వెసులుబాటు కలదు. కాని ఏటేట చందాతో నడచు జీవన జ్యోతి వంటి పథకములలో పొదుపు భాగము లేదు. గనుక సరెండరు విలువయు లేదు. చందా ఆగిన, రక్షణ ఆగును.

కావున నా సూచనలు మూడు. మొదటిది, నిల్వ చాలని సభ్యుల జాబితాను బ్యాంకులు మే నెల మొదటి వారమున తెలుగులో గ్రామమునకు పంపవలెను. రెండవది, మే 31న చందా దొరకని ఖాతాలో తరువాత సొమ్ము పడగానే దానిని తీసికొని సభ్యత్వమును సాగించవలెను. ఇపుడు సభ్యుడు తానై మరల చేరినచో 30 రోజుల నిషేధము మొదటికి వచ్చును. పాత సభ్యులకు దానిని విడిచిపెట్టుట ధర్మము. మూడవది, బ్యాంకు మిత్రలు చందా పడిన రసీదును సభ్యుని చేతికి ఇచ్చు ఆచారము ఏర్పడవలెను.

ఇవి జరుగు వరకు మన పని మనము చేసికొనవలెను. గింజ అమ్మిన దినముననే రెండు పథకములకు కలిపి రూ. 456 ఖాతాలో విడిగా ఉన్నదనుకొని, దానిని తాకరాదు. జూన్ మొదటి వారమున పాసుపుస్తకము వ్రాయించి, చందా పడినదో లేదో చూచుకొనవలెను.

మరణానంతరము ఇంటివారి పని

సభ్యుడు ఏ తప్పును చేయకున్నను, ఇంటివారి ఏమరుపాటు వలన సొమ్ము పోవుట కలదు. మన్యములో పాము కాటు, చెట్టుపైనుండి పడుట, గెడ్డలో కొట్టుకొనిపోవుట సాధారణముగ జరుగు ప్రమాదములు. సురక్షా బీమాలో పాము కాటుకు, చెట్టునుండి పడుటకు వెంటనే తీసికొన్న ఆసుపత్రి కాగితము ఆధారము కావలెను. నీట మునుగుట, హత్య మొదలగు వానికి పోలీసు రిపోర్టు కావలెను. నాటు వైద్యునివద్ద ప్రాణము పోయినదని, ఎవరికిని తెలుపక ఆ రాత్రికే దహనమో ఖననమో చేసినచో, ప్రమాదమునకు ఋజువు మట్టిలో కలిసిపోవును. పాము కరచిన వానిని ముందుగా ఆసుపత్రికి తీసికొని పోవుట ప్రాణము కొరకే అవసరము. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికో, దగ్గరనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో చేర్చిన కాగితము దైవము తప్పినచో ఇంటివారికి అక్కరకు వచ్చును.

మరణమును 21 రోజులలో నమోదు చేయించినచో రుసుము లేదు. క్లెయిమును 30 రోజులలోపల బ్యాంకులో ఇచ్చుట మంచిది. క్లెయిము నిరాకరింపబడినచో అంతటితో విడువరాదు. ముందు ఆ సంస్థకే వ్రాసి, 30 రోజులలో జవాబు రానిచో గాని, వచ్చినది తృప్తికరము కానిచో గాని, సంవత్సరము లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. రూ. 50 లక్షల వరకు గల వివాదములను వారు పరిష్కరింతురు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు.

గ్రామోద్యోగులకు విన్నపము

పంచాయతీ కార్యదర్శులు, రెవిన్యూ అధికారులు, వ్యవసాయ సహాయకులు తలచుకొన్నచో ఈ నష్టములో పెద్ద భాగము ఆగును. ధ్రువపత్రములలో వయస్సు, పేరు ఆధారుతోను, బ్యాంకు పుస్తకముతోను సరిపోవునట్లు వ్రాయుడు. నామినీగా ఉన్న తల్లి మరణించియున్నచో, భార్య పేరు మార్పించుకొనుమని చెప్పుడు. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న కాల్చి చంపబడినది కొయ్యూరులోనే. ఆ వీరుని వర్ధంతికి ఏటేట జనము కూడు మాసమే బీమా చందాకు కడపటి మాసము. ఆ సభలలో ఒక్క అయిదు నిమిషములు, మీ ఖాతాలో నిల్వ ఉన్నదా, నామినీ ఎవరు అని అడిగినచో, అది ఆయనకు తగిన నివాళియే అగును.

ఇల్లు అంటుకొన్నపుడు బావి త్రవ్విన లాభము లేదు. సోదరులారా, నిజము చెప్పి బీమాలో చేరుడు. చందా తప్పకుండ చూచుకొనుడు. కాగితములు ఎచ్చట ఉన్నవో ఇల్లాలికి తెలియజేయుడు. మోసగానికి గాదె తలుపు మూయుటను మనమందరము సమర్థింతము. ఒక పూట ఆలస్యమైన పేదవాని భార్యాబిడ్డల ముఖముమీద మాత్రము ఆ తలుపు పడరాదు. అది పడకుండ చూచుట బ్యాంకులకు, ప్రభుత్వమునకు ఎంత విధియో, గ్రామములోని మనకును అంత విధి.